పెద్ద ఇంజిన్ పెడితే బోటు పరిగెడుతుందా?

వేట నిషేధం మొదలైందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ప్రతి బోటు యజమాని చెవినా పడే మాట ఒకటుంది: "పాత ఇంజిన్ తీసేసి రెట్టింపు హార్స్‌పవర్‌ది పెట్టించు, అందరికన్నా ముందు జెట్టీకి చేరతావు." ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి అప్పు తెచ్చి ఇంజిన్ మార్చేదీ అప్పుడే. ఆ అప్పు, ఆపైన పెరిగే డీజిల్ ఖర్చు ఏళ్ల తరబడి మీద పడతాయి. ఈ మాట ఇక ఆగాలి.

విశాఖలో వేటకు వెళ్లే సోనా రకం బోటు పొడవు దాదాపు 13 మీటర్లు. నీటిలో ఉండే పొడవు 12 మీటర్లనుకుంటే, దాని వేగం ఎనిమిదిన్నర నాట్ల దగ్గర గోడకు కొట్టుకున్నట్టే. ఆ హద్దు పెట్టేది బోటు పొడవు, ఇంజిన్ కాదు. బోటు కదులుతూ తానే ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల సాగుతుంది. హద్దు దగ్గరికొచ్చేసరికి ఒక శిఖరం అణియం (బోటు ముందు కొన) దగ్గర, రెండోది అమరం (వెనక కొన) దగ్గర నిలుస్తాయి. ఇంకా తోస్తే వెనక శిఖరం అమరాన్ని దాటిపోతుంది, అమరం పల్లంలోకి కుంగుతుంది, అణియం పైకి లేస్తుంది. ఇక బోటు తాను లేపిన అలనే ఎక్కాలి. అక్కడ శక్తి రెట్టింపు చేసినా ఒక్క నాట్ పెరగడం కష్టం.

హద్దుకు లోపల కూడా వేగం చవక కాదు. 7 నాట్ల నుంచి 8కి వెళ్లాలంటే దాదాపు సగం శక్తి అదనంగా కావాలి. 40 నాటికల్ మైళ్ల దారిలో మిగిలేది ముప్పావు గంట లోపే, డీజిల్ మాత్రం మూడో వంతు దాకా ఎక్కువ కాలుతుంది. ఆ ముప్పావు గంటకు జెట్టీలో చేపల వేలంలో అంత ధర వస్తుందా? సరంగులు లెక్క వేసుకోవాలి.

"ఎదురుగాలిలో పెద్ద ఇంజినే కాపాడుతుంది" అంటారు. ఇది కొంత నిజమేనని ఒప్పుకోక తప్పదు. ఎదురు అలల్లో బోటు అదుపు తప్పకుండా ముందుకు సాగాలన్నా, బరువైన వల లాగాలన్నా చేతిలో కొంత శక్తి మిగిలుండాలి. కానీ వల లాగేటప్పుడు వేగం మూడు నాట్ల దరిదాపుల్లోనే. అక్కడ పని చేసేది మెల్లగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్, దానికి తగిన గేర్‌బాక్స్. పరుగుకు సరిపోయే పిచ్, అంటే ప్రొపెల్లర్ రెక్కల వాలు, వల లాగేటప్పుడు ఇంజిన్‌ను నొక్కేస్తుంది. లాగుడుకు సరిపోయేది పరుగులో వెనకబడుతుంది. రెండూ ఒకే ప్రొపెల్లర్‌తో పూర్తిగా దక్కవు.

హార్బర్‌లో ఇలాంటి తప్పు మాటలు ఇంకా ఉన్నాయి. నల్లపొగ వస్తే ఇంజిన్ బలంగా ఉందంటారు: అది పూర్తిగా కాలని డీజిల్. ట్యాంకు సగం ఖాళీ అయితే బోటు నిలకడగా ఉంటుందంటారు: సగం ట్యాంకులో డీజిల్ ఒక పక్కకు ఒరిగి బోటునూ ఒరగదోస్తుంది.

ఇంజిన్ మార్చే ముందు అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకించండి. వంగిన ప్రొపెల్లర్ రెక్కలు సరిచేయించండి. పూర్తి లోడుతో సముద్రంలో ఒకసారి థ్రాటిల్ పూర్తిగా ఇచ్చి చూడండి: తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం ఇంజిన్ అందుకోకపోతే తప్పు చాలాసార్లు ప్రొపెల్లర్‌దే. దాన్ని మార్చడానికి కొత్త ఇంజిన్ ఖర్చులో చిన్న వంతు చాలు. అనుమానముంటే విశాఖలోనే ఉన్న సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) పరిశోధన కేంద్రంలో అడగండి, ఇంజిన్ అమ్మేవాణ్ని కాదు.