సోల్న్‌హోఫెన్ రాతి గనులు - మన యింటి పటాలు

షోలాపూరులో మన పాత కుటుంబాల యిళ్ళకు వెళితే తరచుగా రెండు వస్తువులు కంటబడతాయి. కాలి కింద షాబాదు బండలు. గోడ మీద నల్లని చట్రంలో లక్ష్మీదేవి పటమో, సరస్వతి పటమో. షాబాదు బండ యెక్కడిదని చిన్న పిల్లవాడిని అడిగినా చెబుతాడు. పటం యెక్కడిదని అడిగితే, "రవివర్మ పటం" అని పెద్దవాళ్ళంటారు. అది నిజమే. కాని ఆ పటం కూడా ఒక బండ మీద నుంచే దిగివచ్చిందనీ, అటువంటి బండలకు పుట్టిల్లు జర్మనీ దేశంలోని ఒక పల్లెటూరి జిల్లా అనీ మనలో చాలామందికి తెలియదు. నాకూ కిందటి సంవత్సరం దాకా తెలియదు.

మా తమ్ముడి కుమారుడు న్యూరెంబర్గులో వుద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు, "పెదనాన్నా, కోటలూ బజార్లూ అందరూ చూస్తారు. మీకు రాళ్ళు చూపిస్తాను రండి" అన్నాడు. రాళ్ళు చూడడానికి యింత దూరం రావాలా అనుకుంటూనే బయలుదేరాను. తిరిగి వచ్చిన తరువాత నలుగురికీ చెప్పకుండా వుండలేకపోతున్నాను.

న్యూరెంబర్గుకు దక్షిణంగా, బవేరియా రాష్ట్రంలో, వైసెన్‌బుర్గ్ - గున్‌జెన్‌హౌసెన్ అనే జిల్లా వున్నది. రెండు పాత జిల్లాలను 1972లో కలిపి దీనిని యేర్పాటు చేశారు. అంతా చిన్న చిన్న వూళ్ళు, గోధుమ చేలు, గొర్రెలు మేసే గడ్డి కొండలు. మధ్యగా ఆల్ట్‌మ్యూల్ అనే నది, తొందరేమీ లేనట్లు, మలుపులు తిరుగుతూ సాగిపోతుంది. అక్కడి పాత యిళ్ళకు పెంకులు లేవు. పలచని సున్నపురాతి పలకలనే వరుసలుగా పేర్చి పైకప్పు వేశారు. అంత బరువు మోయాలి గనుక గోడలు మందంగా, కప్పు వాలు తక్కువగా వుంటాయి. రాయి యెంత చవకగా, యెంత సమంగా దొరికితే జనం దానిని నెత్తి మీదికి యెక్కించుకుంటారో ఆలోచించండి!

ఈ జిల్లాలో భూమి చరిత్రను చెప్పే స్థలాలు అనేకం వున్నాయి. అటువంటి చోట్లను అక్కడివారు "గియోటోప్" అంటారు. పాత గుడినో, శాసనాన్నో కాపాడినట్లు, ఒక కొండచరియనూ ఒక పాత గనినీ కూడా జాబితాలో చేర్చి కాపాడతారు. వాటిలో ముందుగా వోల్ఫ్స్‌బ్రోన్ అనే పల్లె దగ్గరి రాతి కాలువను గురించి చెప్పాలి. అడవిలో ఒక వూట పుట్టి, పల్లంలోకి పారుతున్నది. మామూలుగా నీరు నేలను కోసుకుంటూ గుంటలో పారుతుంది. ఇక్కడ అట్లా కాదు. ఆ నీరు తనకు తానే ఒక గోడ కట్టుకొని, గోడ నెత్తిన సన్నని దోనె చేసుకొని, దానిలో పారుతున్నది. ఆ గోడ పొడవు నూరు మీటర్లకు పైమాటే. మనిషి చేయి పడలేదు.

ఇందులో మాయ యేమీ లేదు. సున్నపురాతి కొండ లోపలి నుంచి వచ్చే నీటిలో సున్నం కరిగి వుంటుంది. వూట బయటపడి గాలి తగలగానే నీటిలోని బొగ్గుపులుసు వాయువు యెగిరిపోతుంది. దానితో సున్నం నీటిలో నిలవలేక, అంచుల మీద పెరిగే నాచుకు పట్టుకుంటుంది. నాచు పైకి పెరుగుతుంది, కింది భాగం రాయి అవుతుంది. మన యిళ్ళలో నీళ్ళు కాచే బాన అడుగున తెల్లని పొర కడుతుంది చూడండి, అటువంటిదే. అక్కడ నిలబడి చూస్తుంటే, రాయి అంటే యెప్పుడో పుట్టి ముగిసిపోయిన వస్తువు కాదనీ, ఈ క్షణాన కూడా పుడుతున్నదనీ తోస్తుంది.

అక్కడి నుంచి ఆల్ట్‌మ్యూల్ లోయలోకి దిగి సోల్న్‌హోఫెన్ చేరాము. యెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సోలా అనే సన్యాసి పేరు మీద వూరికి ఆ పేరు వచ్చింది. వూరి దాపున నది వొడ్డున బురుజుల వలె కొన్ని రాళ్ళు వరుసగా నిలబడి వున్నాయి. వాటిని "పన్నెండుగురు అపోస్తలులు" అంటారు. అవి ఒకప్పటి సముద్రంలో స్పంజి జీవులు కట్టిన దిబ్బల అవశేషాలు. సముద్రం అనగానే ఆశ్చర్యపోకండి. సుమారు 15 కోట్ల సంవత్సరాల కిందట ఈ ప్రాంతమంతా లోతు తక్కువ వెచ్చని సముద్రం. దిబ్బల మధ్య నీరు చెరువుల వలె చిక్కుకొని వుండేది. పైనీరు బాగానే వున్నా, అడుగునీరు ఉప్పు ముదిరి, ప్రాణవాయువు లేక, యే జీవీ బతకలేనిదిగా తయారైంది. ఆ అడుగున మెత్తని సున్నపు బురద పొర మీద పొరగా దిగింది. దానిని కెలికే పురుగు లేదు, తొలిచే పీత లేదు. అందువల్ల పొరలు పుస్తకంలోని పుటల మాదిరిగా చెదరకుండా గట్టిపడ్డాయి. తుఫానుకు కొట్టుకువచ్చి అందులో పడిన తూనీగ రెక్క కూడా చెదరలేదు.

వూరి మీది గుట్టలన్నీ రాతి గనులే. రోమనుల కాలం నుంచి ఇక్కడ రాయి తీస్తున్నారు. మన షాబాదు గనులను చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు. మెట్లు మెట్లుగా దిగిన గోతులు, పలకల దొంతరలు, చుట్టూ పనికిరాని రాళ్ళ దిబ్బలు. తవ్విన దానిలో యెక్కువ భాగం ఆ దిబ్బలకే పోతుందట. పనివాడు ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తడతాడు. పలక విడివడుతుంది. దానిని వేలితో మోగించి చూస్తాడు. గంట వలె మోగితే మంచిది, బొంగురు పోతే దిబ్బకు.

ఈ రాతికి లోకప్రసిద్ధి తెచ్చినవాడు గనివాడు కాడు, శాస్త్రజ్ఞుడూ కాడు. డబ్బు లేని ఒక నాటక రచయిత. ఆయన పేరు అలోయిస్ సెనెఫెల్డర్. 1771లో ప్రాగు నగరంలో పుట్టి మ్యూనిక్‌లో పెరిగాడు. తండ్రి పోయాడు. తాను రాసిన నాటకాలను అచ్చు వేయించుకునే స్తోమత లేక, తానే చవకగా అచ్చు వేసే వుపాయం వెతకసాగాడు. 1796లో ఒకనాడు తల్లి వచ్చి, చాకలికి వేసే బట్టల పద్దు రాసుకోమన్నదట. కాగితం చేతికి అందక, దగ్గర వున్న సున్నపురాతి పలక మీద మైనం, సబ్బు, దీపపు మసి కలిపిన సిరాతో రాశాడట. ఆ పద్దు నుంచే శిలాముద్రణ పుట్టింది. ఒకటి రెండు సంవత్సరాలలో ఆయన దానిని పూర్తి విద్యగా తీర్చిదిద్దాడు.

దాని కిటుకు నూనెకూ నీటికీ వున్న వైరమే. రాతిని నున్నగా సానబట్టి, జిడ్డు వున్న కణికతో బొమ్మను కుడియెడమలు తారుమారుగా గీస్తారు. తుమ్మబంక, కొద్దిగా నత్రికామ్లం పూసి రాతిని సిద్ధం చేస్తారు. తరువాత నీటితో తడిపితే గీత లేని చోటే నీరు పట్టుకుంటుంది. అప్పుడు జిడ్డు సిరా రోలరుతో దొర్లిస్తే, సిరా గీతలకే అంటుతుంది. కాగితం వేసి వొత్తితే బొమ్మ దిగుతుంది. రంగుల పటానికి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి కావాలి. పది పన్నెండు రాళ్ళు పట్టిన పటాలూ వున్నాయి. పని అయిన తరువాత పైపొర అరగదీసి అదే రాతి మీద మరొక బొమ్మ గీయవచ్చు. ఇంత పనికి రాయి సమంగా వుండాలి, సన్నని రేణువుతో వుండాలి, నీటినీ జిడ్డునూ కూడా పట్టుకోవాలి, యంత్రపు వొత్తిడికి పగలకుండా రెండు మూడు అంగుళాల మందం వుండాలి. ఈ గుణాలన్నీ వున్న మేలైన రాయి ఈ ప్రాంతంలోనే దొరికేది. పందొమ్మిదవ శతాబ్దమంతా ప్రపంచం నలుమూలలకూ ఇక్కడి నుంచే రాళ్ళు వెళ్ళాయి.

అచ్చు కోసం ఒక్కొక్క పలకనూ చేత్తో విడదీసి చూస్తున్నారు గనుకనే మరొక నిధి బయటపడింది. 1861లో ఒక పక్షి యీక అచ్చుపడిన పలకను హెర్మన్ ఫాన్ మేయర్ అనే పండితుడు లోకానికి వర్ణించి చెప్పాడు. అదే సంవత్సరం, దగ్గరలోని లాంగెనాల్ట్‌హైమ్ గనిలో రెక్కలూ, బల్లి తోక వంటి పొడుగాటి యెముకల తోకా వున్న జీవి దొరికింది. సరీసృపాలకూ పక్షులకూ నడుమ నిలిచిన ఆ జీవికి "ఆర్కియోప్టెరిక్స్ లితోగ్రాఫికా" అని పేరు పెట్టారు. మొదటి మాటకు పురాతనమైన రెక్క అని అర్థం. రెండవ మాట అచ్చు రాతిని గుర్తు చేసేది. డార్విన్ గ్రంథం వచ్చి అప్పటికి రెండేళ్ళే అయింది!

ఆ పలక వైద్యం చేసినందుకు బదులుగా హేబర్‌లైన్ అనే డాక్టరు చేతికి వచ్చింది. ఆయన తన సేకరణతో పాటు దానిని లండను మ్యూజియముకు 700 పౌన్లకు అమ్మాడు. తరువాత కొన్నేళ్ళకు పొరుగున వున్న ఐష్టెట్ దగ్గర ఇంకా చక్కని ప్రతి దొరికింది. దొరికిన రైతు దానిని ఒక ఆవుకు బదులుగా ఇచ్చివేశాడని చెప్పుకుంటారు. చేతులు మారి మారి చివరకు అది 20,000 మార్కులకు బెర్లిను మ్యూజియము చేరింది. పలక విడదీసిన చేతికి ఆవు, తీసుకుపోయిన చేతికి వేలు! లోకరీతి యే దేశంలోనైనా ఒకటే. ఇప్పటికి అటువంటి ప్రతులు డజనుకు పైగా దొరికాయి.

ఆ గనులలోనే గుర్రపు లాడం ఆకారంలో వుండే సముద్రపు పీతలు కూడా దొరుకుతాయి. అడుగున నడిచిన అడుగుల జాడ, జాడ చివర ఆ ప్రాణి, అన్నీ ఒకే పలక మీద వుంటాయి. మన ఒరిస్సా సోదరులకు ఈ ప్రాణి కొత్తది కాదు. బాలేశ్వరం తీరంలో దాని చుట్టాలు ఇప్పటికీ ఇసుక మీదికి వస్తూనే వున్నాయి.

యాత్రికులకు సుత్తీ ఉలీ అద్దెకిచ్చి రాళ్ళు కొట్టుకోనిచ్చే గని కూడా ఒకటి వున్నది. నేనూ రెండు గంటలు కొట్టాను. ఒక పలకలో ముచ్చటైన చెట్టుకొమ్మ కనబడితే పొంగిపోయాను. అది చెట్టు కాదనీ, పొరల సందున దిగిన మాంగనీసు గీసిన బొమ్మ అనీ మావాడు నవ్వుతూ చెప్పాడు. అయినా దానినే భద్రంగా తెచ్చుకున్నాను.

జింకు రేకులూ, అల్యూమినియం రేకులూ వచ్చిన తరువాత అచ్చు రాతికి గిరాకీ పడిపోయింది. ఇప్పుడు ఆ గనులు ముఖ్యంగా నేలకూ గోడలకూ పలకలు ఇస్తున్నాయి. చిత్రకారుల కోసం మాత్రం కొన్ని అచ్చు రాళ్ళు తీస్తున్నారు. ఇంకొక మాట. గని ఆగిపోతే పలకలు విడదీసే చేతులు వుండవు. చేతులు లేకపోతే పక్షులూ బయటపడవు. పాత గనులను పూడ్చివేయకుండా కొన్నింటిని అట్లాగే నిలిపి వుంచడం ఆ కారణం చేతనే మంచిదని నాకు తోచింది.

ఇక మన పటాల సంగతి. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించినప్పుడు యంత్రాలూ, పనిమంతులూ, అచ్చు రాళ్ళూ జర్మనీ నుంచి వచ్చాయి. తరువాత దానిని లోనావ్లా దగ్గరి మళవలికి మార్చారు. మనం బొంబాయి వెళ్ళే రైలు ఆ స్టేషను మీదుగానే పోతుంది. కొన్నేళ్ళకు రవివర్మ దానిని ష్లైఖర్ అనే జర్మను నిపుణుడికి అమ్మివేశాడు. 1906లో రవివర్మ పోయిన తరువాత కూడా పటాలు అచ్చవుతూనే వచ్చాయి. దేవాలయ ప్రవేశం లేనివారి యింటికి కూడా దేవుడు నడచివచ్చింది ఆ పటాల మూలంగానే.

మా నాయనమ్మ మగ్గం గదిలో ఒక లక్ష్మీదేవి పటం వుండేది. తాతగారు కరీంనగరం వైపు నుంచి షోలాపూరు వచ్చి, మొదటి కూలి డబ్బు కూడబెట్టి కొన్నదట. మూడేళ్ళ కిందట యిల్లు బాగుచేయించినప్పుడు పాత షాబాదు బండలు తీసివేశాము. అద్దం పగిలిందని పటాన్ని కూడా ఆ బండలతో పాటు పెరటి గోడకు ఆనించాము. పాతసామాను వాడు వచ్చి తీసుకుపోతాడని నేనే అన్నాను. జర్మనీలో ఆ దిబ్బల ముందు నిలబడినప్పుడు నాకు ముందుగా గుర్తు వచ్చింది ఆ పెరటి గోడే. తిరిగి వచ్చి అడిగితే, మా కోడలు లోపలి నుంచి పటం తెచ్చి ఇచ్చింది. "అమ్మమ్మగారిది కదా మామయ్యా, పారవేయబుద్ధి కాలేదు" అన్నది.

భూతద్దం పెట్టి చూశాను. అడుగున సన్నని అక్షరాలలో ముద్రణాలయం పేరు వున్నది. అమ్మవారి చెక్కిలి మీద చుక్కలు వున్నాయి. చిన్నవీ పెద్దవీ, వరుస లేనివి. ఒక మనిషి రాతి మీద వంగి, ఒక్కొక్కటే చేత్తో పెట్టిన చుక్కలు. తరువాతి కాలపు పటాలలో చుక్కలు వలకన్నుల వలె వరుసలు తీరి వుంటాయి. అవి యంత్రం పెట్టినవి. పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ పండుగకు గోడలు దులిపేటప్పుడు పాత పటం అడుగు అంచునూ, ఆ చుక్కలనూ ఒకసారి చూడండి. చుక్కలకు వరుస లేకపోతే, అద్దం మార్పించి మళ్ళీ గోడకు తగిలించండి.

మా పటం ఇప్పుడు యథాస్థానంలో వున్నది. దాని కింద, గూటిలో, నేను తెచ్చిన ఆ చెట్టు కాని చెట్టు పలకను పెట్టాము.