చలికాలంలో ఇంటికీ ఓ బొంత



పుష్యమాసంలో పూసలు గుచ్చే పాటి పొద్దుండదంటారు పెద్దలు. కోస్తా ఊళ్లలో ఓ శాలువాతో గడిచిపోయే ఈ నెల, ఆదిలాబాదులోనూ మన్యంలోని లంబసింగిలోనూ ఎముకలు కొరికేస్తుంది. కొన్నేళ్లు రాత్రిళ్లు 5 డిగ్రీల లోపుకే దిగిపోతుంది.

మావారికి బదిలీ అయి ఆదిలాబాదు వెళ్లిన మొదటి ఏడు మేం రేకుల ఇంట్లో దిగాం. చలికి తాళలేక ఓ రాత్రి తలుపులూ కిటికీలూ బిడాయించి, బొగ్గుల కుంపటి గదిలోనే పెట్టుకుని పడుకున్నాం. తెల్లవారుజామున పిల్లవాడు తలనొప్పని ఏడుస్తూ లేచి వాంతి చేసుకున్నాడు. నాకూ తల దిమ్మెక్కి, కాళ్లు తూలాయి. ఎలాగో తలుపు తీసి బయటపడ్డాం. మా అలికిడికి పరుగెత్తుకొచ్చిన పక్కింటి అక్క, "తలుపులు మూసి కుంపటి పెడ్తరా చెల్లె? పానాలు పోతుండె గదా!" అని కేకలేసింది.

ఆమె మాట నిజం. గాలి ఆడని గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, పొగ రావడం లేదు కదా అని ధీమా పడకూడదు. నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ కూడా రాకపోవచ్చు. ఇంట్లో అందరికీ ఒక్కసారే తలనొప్పి, వికారం వస్తే చిట్కా వైద్యాలు చేస్తూ కూర్చోక, వెంటనే బయటి గాలికి తీసుకొచ్చి ఆసుపత్రికి వెళ్లాలి.

మరి చలికేం చెయ్యాలంటారా? వేడి పుట్టించే ముందు, ఉన్న వేడి పోకుండా చూసుకోవాలి. బొంతలో వేడి ఏమీ ఉండదు. దాని పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. ఇంటికీ ఇదే సూత్రం.

ముందు కప్పు సంగతి చూడండి. వేడిగాలి పైకి పోతుంది, రేకు దాన్ని ఇట్టే వదిలేస్తుంది. మేం రేకుకు జానెడు కిందుగా వెదురు తడికలు కట్టి, వాటికి పాత దుప్పట్లు బిగించాం. మధ్యలో నిలిచిన గాలే ఇంటికి బొంత అయింది. పొయ్యి ఉన్న గదిలో మాత్రం ఇలా చెయ్యొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు!

తలుపు కింద సందుకు పాత చీరతో పొడుగాటి సంచి కుట్టి, గుడ్డపేలికలు కూరి అడ్డం పెట్టండి. కిటికీలకు మందపాటి పరదాలు వెయ్యండి. పగలు ఎండ లోపలికి రానిచ్చి, పొద్దు వాలకముందే మూసెయ్యండి. నులక మంచానికి చలి కిందనుంచే వస్తుంది. రెండు బొంతలుంటే ఒకటి కింద పరవండి. నేలమీద పడుకునేవారు చాప కింద మందంగా ఎండుగడ్డి వేసుకోవచ్చు.

ఇంత చేసినా పైనున్న వెంటిలేటరు మాత్రం మూయకండి. మా ఇంట్లో కుంపటి ఇప్పుడు వసారాలోనే ఉంటుంది. అందరం చుట్టూ కూర్చుని చేతులు కాచుకుని, దాన్ని అక్కడే వదిలేసి లోపలికొచ్చి పడుకుంటాం.