పాతబడిన ఇంగ్లీషు మాటలు ఎక్కడ బతుకుతున్నాయి?

పొద్దున్నే ‘టిఫిన్ చేశారా?’ అని అడిగేటప్పుడు అది ఇంగ్లీషు మాట అన్న సంగతి తెలుగువారికి గుర్తుకు రాదు. ఇంగ్లండులో మాత్రం ఇప్పుడు ఈ మాట భారతీయ వంటకాలతో ముడిపడినదిగానే తెలుసు. నిజానికి దాని మూలం ఇంగ్లండు వాడుకలోనే ఉందని నిఘంటుకారుల అభిప్రాయం. 18వ శతాబ్దపు ఇంగ్లీషులో ‘టిఫింగ్’ అంటే వేళ కాని వేళ ఏదైనా తినడం, తాగడం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వెలువరించిన వీధి మాటల నిఘంటువులో ఈ పదం ఉంది. భారతదేశంలోని ఇంగ్లీషువారి నోట అది మధ్యాహ్నపు చిరుభోజనానికి పేరయింది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీన్ని వివరంగా చర్చించింది. తరువాత ఇంగ్లండులో టిఫింగ్ మరుగున పడింది. ఇక్కడ టిఫిన్ ఇడ్లీకి, దోసెకు, పెసరట్టుకు ఉమ్మడి పేరుగా మిగిలింది.

మరి ఈ మాట చచ్చిపోయినట్టా, బతికినట్టా? పాత మాటలను ఇంకా ఎవరైనా వాడుతున్నారా అన్న ప్రశ్న సులభంగా కనిపిస్తుంది కానీ, దానికి జవాబు చెప్పడానికి భాషా శాస్త్రవేత్తలు చాలా దారులు వెతకవలసి వచ్చింది.

మొదటి దారి నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తొలి భాగం 1884లో, మొదటి కూర్పు పూర్తిగా 1928లో వెలువడ్డాయి. అందులో ఒకసారి చేరిన పదాన్ని తొలగించరు. వాడుక తప్పిందని తేలితే పక్కన చిన్న బాకు గుర్తు వేస్తారు. ఈ నిర్ణయానికి ఆధారం అచ్చులో దొరికిన ఉదాహరణలే. ఒక మాట ఉందని చూపడానికి ఒక్క వాక్యం చాలు. లేదని చూపడం మాత్రం కష్టం, ఎందుకంటే ఎక్కడో ఒక పల్లెలో ఎవరో ఒకరు ఆ మాట అంటూనే ఉండవచ్చు.

కంప్యూటర్లు వచ్చాక లెక్కపెట్టడం మొదలైంది. 2010 డిసెంబరులో గూగుల్ ‘ఎన్‌గ్రామ్ వ్యూయర్’ అనే సాధనాన్ని అందుబాటులోకి తెచ్చింది. దాని వెనుక ఉన్న పరిశోధన 2011లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. అప్పటికి అందులో 50 లక్షలకు పైగా పుస్తకాలు ఉన్నాయి. అంటే మానవజాతి ఇంతవరకు అచ్చువేసిన పుస్తకాలలో దాదాపు 4 శాతం. ఒక మాట ఏ ఏడాది ఎంత తరచుగా వచ్చిందో ఇది గీత గీసి చూపుతుంది. అయితే ఈ గీతను కళ్లు మూసుకుని నమ్మకూడదు. పాత ఇంగ్లీషు అచ్చులో ‘ఎస్’ అక్షరానికి ‘ఎఫ్’ను పోలిన రూపం ఒకటి ఉండేది. యంత్రం దాన్ని ఎఫ్‌గా చదివి, ‘బెస్ట్’ను ‘బెఫ్ట్’గా లెక్కవేసిన సందర్భాలున్నాయి. పైగా పది మంది చదివిన పుస్తకానికీ, పది లక్షల మంది చదివిన పుస్తకానికీ ఇక్కడ విలువ ఒకటే. జనం నోటి మాట అసలే ఇందులోకి రాదు.

ఇన్ని లోపాలున్నా, లెక్కల వల్ల ఒక ముఖ్యమైన విషయం బయటపడింది. మాటను పాతబరిచేది దాని వయసు కాదు, వాడకం తగ్గడం. హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ‘నేచర్’ పత్రికలో ఇంగ్లీషు క్రియల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. చివర ‘ఎడ్’ చేర్చుకోకుండా ‘కమ్-కేమ్’ లాగా భూతకాలంలో రూపం మార్చుకునే క్రియలను వారు పరిశీలించారు. సుమారు 1200 ఏళ్ల కిందటి ఇంగ్లీషు నుంచి అలాంటివి 177 తీసుకున్నారు. మధ్యయుగపు ఇంగ్లీషుకు వచ్చేసరికి వాటిలో 145 పాత పద్ధతిలోనే ఉన్నాయి. నేటికి 98 మిగిలాయి. ‘హెల్ప్’ క్రియకు ఒకప్పుడు ‘హోల్ప్’ అనే భూతకాల రూపం ఉండేది. ఇప్పుడు అది ‘హెల్ప్‌డ్’ అయింది. వంద రెట్లు తక్కువగా వాడే క్రియ పది రెట్లు వేగంగా పాత రూపం వదులుకుంటుందని వారి లెక్క తేల్చింది. బడిపిల్లలు కష్టపడి బట్టీపట్టే క్రియల పట్టిక ఇలా తప్పించుకుని మిగిలిన వాటి జాబితాయే!

ఆ పట్టికలో ఒక వింత కూడా ఉంది. ‘గో’కు భూతకాలం ‘వెంట్’ ఎలా అయింది? ‘వెండ్’ అనే వేరే క్రియ ఉండేది. దాని భూతకాల రూపమే ‘వెంట్’. సుమారు 15వ శతాబ్దానికి ‘గో’ దాన్ని సొంతం చేసుకుంది. ‘వెండ్’ను ఇప్పుడు కథల్లో తప్ప పెద్దగా ఎవరూ వాడరు. దాని సగం మాత్రం ఇంగ్లీషు మాట్లాడే ప్రతివారి నోటా రోజూ పలుకుతూనే ఉంది.

కొన్ని మాటలు జంటల్లో తలదాచుకుంటాయి. తెలుగులో ‘ఇరుగుపొరుగు’ అంటాం కానీ ‘ఇరుగు’ను విడిగా వాడం. ఇంగ్లీషులో ‘కిత్ అండ్ కిన్’లోని కిత్, ‘టు అండ్ ఫ్రో’లోని ఫ్రో అలాంటివే. ‘దౌ’ కథ మరో రకం. అది ఒకప్పుడు ఇంగ్లీషులో ‘నువ్వు’. ‘యూ’ బహువచనం, గౌరవవాచకం కూడా. అంటే మన ‘మీరు’. మర్యాద కోసం అందరినీ ‘మీరు’ అంటూ పోగా ‘నువ్వు’ అడుగంటింది. ఇప్పుడు ‘దౌ’ ప్రార్థనల్లోను, ఉత్తర ఇంగ్లండు మాండలికాల్లోను వినిపిస్తుంది. ప్రార్థనల్లోనే వింటూ పెరిగినవారు దాన్ని గొప్ప గౌరవవాచకం అనుకుంటారు. అసలు సంగతి తలకిందులు.

వాడకపోయినా తెలిసి ఉండటం మరో సంగతి. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని నేరుగా జనాన్నే అడిగారు. అసలు పదాల మధ్య కల్పిత పదాలు కలిపి, ఏవి తెలుసో చెప్పమన్నారు. బ్రిటన్, అమెరికాలకు చెందిన 2 లక్షల 20 వేల మందికి పైగా పాల్గొన్న ఈ పరీక్షలో 61 వేలకు పైగా పదాలను తూచారు. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. అచ్చులో అరుదుగా కనిపించే పదమైనా చాలామందికి తెలిసి ఉండవచ్చని ఈ పద్ధతి చూపింది. పుస్తకాల లెక్క మాత్రమే చూస్తే ఇది తెలిసేది కాదు.

ఇక అసలు చిక్కు భారతదేశంలో ఉంది. ‘మూడుసార్లు’ అనడానికి మన బడుల్లో ‘థ్రైస్’ మామూలు మాట. అమెరికాలో అది పాతకాలపు మాటగా వినిపిస్తుంది. ‘డూ ద నీడ్‌ఫుల్’ ఒకప్పటి బ్రిటిష్ ఉత్తరాల్లో ఉన్నదే. అక్కడ మరుగునపడినా, ఇక్కడి కార్యాలయాల్లో ‘తగిన చర్య తీసుకోగలరని మనవి’ అన్న చోట నిలదొక్కుకుంది. వలస వెళ్లిన భాష పాత రూపాలను పట్టుకుని ఉండటాన్ని అమెరికన్ భాషావేత్త ఆల్బర్ట్ మార్క్‌వర్ట్ 1958లో ‘కలోనియల్ లాగ్’ అన్నారు. ఆయన గమనించింది అమెరికా ఇంగ్లీషును. శరదృతువును ‘ఫాల్’ అనడం, ‘గాటెన్’ అనడం ఇంగ్లండు వదిలేసినా అమెరికాలో మిగిలాయి. వాటిని ఎవరూ తప్పు అనరు. ‘డూ ద నీడ్‌ఫుల్’ రాసిన హైదరాబాదు ఉద్యోగికి మాత్రం దిద్దుబాటు ఎదురవుతుంది. ఈ తేడా భాషా శాస్త్రం చేసినది కాదు, పలుకుబడి చేసినది. లండన్ చదువరికి రాసేటప్పుడు ఆ మాట మానడం తెలివైన పనే, కానీ అది తప్పు కావడం వల్ల కాదు.

భారతీయ ఇంగ్లీషును దాని లెక్కనే చూడాలని కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్.వి. శాస్త్రి ఆధ్వర్యంలో ఒక పదకోశం తయారైంది. 1978లో అచ్చయిన రచనల నుంచి సుమారు 10 లక్షల పదాలు సేకరించారు. అమెరికన్, బ్రిటిష్ ఇంగ్లీషుల కోసం అప్పటికే ఉన్న సేకరణల నమూనాలోనే దీన్ని రూపొందించడం వల్ల మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం సాధ్యమైంది.

వెళ్లిపోయిన మాట తిరిగి రావడమూ ఉంది. బ్రిటన్‌లో రేడియోను ‘వైర్‌లెస్’ అనేవారు. తరువాత అది తాతల కాలపు మాట అయిపోయింది. తీగలు లేని ఇంటర్నెట్ రాగానే మళ్లీ కుర్రకారు నోటికెక్కింది. మన పోలీసు స్టేషన్లలో ఉన్నది మాత్రం ఎప్పుడూ ‘వైర్‌లెస్ సెట్టే’.