మధ్యధరా తీరమున చలికాలపు పిడుగులు

మన ప్రాంతమున ఉరుములు, మెరుపులు వేసవి ఎండలను వెన్నంటి వచ్చును. మధ్యధరా సముద్రపు తూర్పు తీరముననున్న లెబనాన్, ఇజ్రాయెల్ దేశములలో అట్లు కాదు. అచ్చట వేసవి పొడిగా గడచిపోవును. పిడుగులు చలికాలమున పడును. దీనికి కారణము సముద్రమే. వేసవియందు గ్రహించిన వేడిని నీరు త్వరగా విడువదు. ఉత్తరమునుండి శీతలవాయువు ఆ వెచ్చని నీటిపైకి వచ్చినపుడు, అడుగున తేమతో వేడెక్కిన గాలి తేలికయై పైకెగసి ఉరుము మేఘమగును.

కావున అచ్చటి వాతావరణ శాస్త్రజ్ఞులు మేఘములకంటె ముందు నీటిని చూతురు. సముద్రపు వేడిమికిని, సుమారు 5.5 కిలోమీటర్ల ఎత్తున బెలూన్లు కొలిచిన చలికిని గల అంతరము పెరిగినకొలది ప్రమాదము హెచ్చును. ఉపద్రవము రానున్నదని రెండు మూడు దినములు ముందే చెప్పవచ్చును. ఏ ఊరిపై, ఏ గంటకు అన్నది మాత్రము రాడారు తెరపై మేఘము కనబడిన పిదపగాని తేలదు.

చెప్పుట వేరు, చెప్పినది చేరుట వేరు. పడమటి తీరమున ఇట్టి వానలు చలికాలమునకు ముందే మొదలగును. 2024 అక్టోబరు 29న స్పెయిన్ దేశపు వాలెన్సియా ప్రాంతమునకు వాతావరణ శాఖ ఉదయముననే ఎర్ర హెచ్చరిక చేసెను. ప్రజల ఫోనులకు ప్రమాద సందేశము అందునప్పటికి రాత్రి ఎనిమిది గంటలు దాటెను. అప్పటికే వరద పలు ఊళ్లను ముంచెత్తెను. 220 మందికి పైగా మరణించిరి.