మోస్రా నుంచి మడ అడవి దాకా

నిజామాబాద్ జిల్లాలోని మోస్రాకు సముద్రం ఎటు చూసినా దూరమే. అయినా కోరింగ మడ అడవులతో మన వైపుకు నీళ్ల చుట్టరికం ఉంది.

గోదావరి పుట్టే త్ర్యంబకం నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. పక్కనున్న దాన్ని కాదని తూర్పుకు 1,465 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. తెలంగాణలో అడుగుపెట్టేది మన కందకుర్తిలోనే. మంజీర, హరిద్ర నదులు దానిలో కలిసేదీ అక్కడే. ఏటి నడుమ పాత శివాలయం ఉంది, వరదొస్తే మునుగుతుంది.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ పారాక బోధన్ చుట్టూ చెరకు పెరిగింది. ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా రైతులు వచ్చి వర్ని, కోటగిరి వైపు క్యాంపులు కట్టుకున్నారు. మనం కోస్తా చూడబోయే ముందే కోస్తా మన దగ్గరికి వచ్చిందన్నమాట!

పడవ షికారుకు మన దగ్గరే అలీసాగర్, అశోక్‌సాగర్ ఉండనే ఉన్నాయి. నన్నడిగితే ఎండాకాలం నందిపేట వైపు వెళ్లమంటాను. శ్రీరాంసాగర్ నీరు వెనక్కి తగ్గిన చోట మొలిచే గడ్డిలో కృష్ణజింకలు మేస్తుంటాయి.

ఇక అసలు తీరం. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. చెక్కబాట మీద నడుస్తూ కిందికి చూడండి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కనుక మడచెట్టు వేళ్లే పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. వాటి మధ్య వేలెడంత చేప ఒకటి రెక్కల మీద గెంతుతూ తిరుగుతుంది. పోటు తగ్గాక వెళ్తేనే ఇదంతా. లేకుంటే కనబడేది నీళ్లే. చేపలు పట్టే బావురుపిల్లి కూడా ఇక్కడుంది గానీ అది రాత్రి తిరిగేది. పగటి పడవలో కనబడుతుందని ఆశపడొద్దు. నీటికుక్కలు మాత్రం అదృష్టముంటే దొరుకుతాయి.

కాకినాడకు అడ్డంగా 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రుతో గత రెండు శతాబ్దాల్లో పెరిగిన దిబ్బ అది. తుపాను అలల దెబ్బ ముందు దానికే తగులుతుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లలో అదీ ఒకటి.

ఆ ఒండ్రు ఇప్పుడు మునుపటంతగా కిందికి పోవడం లేదు. గోదావరి మీద 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీలకు కట్టారు. పూడిక చేరి 80 టీఎంసీలకు దిగింది. తీరానికి చేరాల్సిన మన్ను ఇలా ప్రాజెక్టుల్లో పేరుకుంటుంటే, అటు గోదావరి డెల్టా అంచును సముద్రం కోసుకుపోతోంది.