చూచువారి నెఱిగిన కళ

కళ యెంత గొప్పదైనను జూచువారి హృదయము నంటనిచో గోడమీది రంగుగనే మిగిలిపోవును. ఈ సంగతి లేపాక్షిలో మా కనుభవమునకు వచ్చినది.

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి వీరభద్రాలయము 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరుపణ్ణ వీరణ్ణ సోదరులచే విస్తరింపబడినది. 2022లో నిది యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో జేరినది. ధర్మవరపు బంధుస్త్రీలతో మే మచటికి బోయితిమి. యాత్రికులు వ్రేలాడు స్తంభముక్రింద గుడ్డ దూర్చి, నవ్వుకొని, నందిని జూచి వెడలిపోవుచుండిరి. తలయెత్తినవారు మిక్కిలి యరుదు. కప్పుమీదనో ద్రౌపదీ స్వయంవరము, కిరాతార్జునీయము, మనునీతిచోళుని కథ! అన్నియు మన యిండ్లలో జెప్పుకొను కథలే. చూపువారు లేక మేమును దాటిపోవుచుంటిమి.

మాలో నొక వృద్ధురాలు మగ్గపుటింట బుట్టి పెరిగినది. ఆమె చిత్రములలోని స్త్రీల చీరలను జూచి, "అమ్మాయీ, ఈ యంచు చూడవే! ఈ గళ్లు మా నాయన నేసినట్లే యున్నవి!" అనినది. అంతట నందఱమును తలలెత్తితిమి. ఒక బాలిక "ఈ పంది యెందులకు?" అని యడిగినది. మేము కిరాతార్జునుల కథ జెప్పుచుండగా ముక్కుమొగ మెఱుగని వారును జుట్టును జేరిరి.

దీనివలన మాకు దోచిన దొక్కటి. చూడవచ్చువారు వట్టి చేతులతో రారు. ఒకరు కథను, ఒకరు నేతపనిని, ఒకరు వంటింటి జ్ఞానమును దెచ్చుకొందురు. 1565 నాటి రక్కసి తంగడి యుద్ధము పిమ్మట రాజధానియైన పెనుకొండలో, గగనమహలు చెంత, మా పిల్లలు రాజుల పేర్ల నడుగలేదు. నీ రెచటినుండి వచ్చెడిది, వంట యెచట జేసెడివారని యడిగిరి. ప్రదర్శనశాలలవారు తాము చెప్పదలచినది మాత్రమే ఫలకములపై వ్రాయక, వచ్చినవా రేమడుగుచున్నారో వినవలదా?

మన తోలుబొమ్మలాటవారు దీని నేనాడో యెఱుగుదురు. నడిరేయి జనము కునుకుపాట్లు పడగానే జుట్టుపోలిగాడు, బంగారక్క తెరపైకి వచ్చి నవ్వించి, మరల రామకథను నడిపించెడివారు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట యీ విద్యకు బేరుపొందినది. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆటలు తగ్గుటచే నేడు కళాకారులు దీపపు తొడుగులును, గోడ యలంకారములును జేసి జీవించుచున్నారు. కొనువారి నెఱుగుట మంచిదే. కాని తొడుగుపై సీత మిగిలి, ఆమె కథ మఱుగైనచో లాభ మేమి? చూచువారిని దనకడకు రప్పించుకొనుట వేఱు. వారికొఱకు దన్ను దాను గోల్పోవుట వేఱు.

సోదరీమణులారా! లేపాక్షికి బోవుటకు ముందటి రాత్రి పిల్లలకు గిరాతార్జునుల కథ జెప్పుడు. ఇంటి పెద్దామెను వెంట దీసికొని పొండు. మెడ నొచ్చునేని యొడిలో జేతియద్దము నుంచుకొన్న గప్పు గానవచ్చును. రంగులను మాత్రము దాకకుడు. తొడుగు కొన్ననాడు దానిపై బొమ్మ యెవరిదో యడిగి తెలిసికొని, దీపము వెలిగించిన వేళ నా కథ యింట జెప్పుడు. అడుగువా రున్నంతకాలము చెప్పువారు నుందురు.