విఫలమైన రూట్ కెనాల్‌కు శస్త్రచికిత్స లేకుండానే పునఃచికిత్స

కదిరి: రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను కొన్ని నెలలకో, ఏళ్లకో మళ్లీ నొప్పి పెట్టినా, చిగుళ్లపై చీముపొక్కు కనిపించినా దానిని తీయించుకోవడమే మార్గమని భావించనవసరం లేదు. ఇటువంటి పళ్లలో చాలావాటిని శస్త్రచికిత్స లేకుండానే కాపాడుకోవచ్చును.

వేరులోని కాలువల్లో ఒకటి శుభ్రపడకుండా మిగిలిపోవడం, పూరకం వేరు కొన వరకు చేరకపోవడం, సకాలంలో క్యాప్ వేయించుకోకపోవడంతో లాలాజలం ద్వారా సూక్ష్మజీవులు తిరిగి లోనికి చేరడం వైఫల్యానికి ప్రధాన కారణాలు. పై దవడలోని మొదటి పెద్ద దవడ పన్నులో నాలుగో కాలువ కంటికి చిక్కక తప్పిపోవడం తరచుగా జరుగుతుంది. ఈ కాలువల్లో రక్తప్రసరణ ఉండదు. అందువలన యాంటీబయాటిక్ మాత్రలు అక్కడికి చేరవు. నొప్పి తగ్గినా వ్యాధి మూలం అలాగే ఉంటుంది.

పునఃచికిత్సలో ముందుగా ఎక్స్‌రే తీసి, పాత పూరకమైన గట్టాపర్చాను తొలగిస్తారు. సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కాలువలను కడిగి, అవసరమైతే కాల్షియం హైడ్రాక్సైడ్ మందును కొద్దిరోజులు లోపల ఉంచి, తిరిగి పూరించి క్యాప్ అమరుస్తారు. ఎముక మానినదీ లేనిదీ ఏడాది తరువాత ఎక్స్‌రేతో సరిచూడాలి. వేరు నిలువుగా చీలిన పన్నుకు మాత్రం ఈ చికిత్స ఫలించదు.

ఒకటికి రెండుసార్లు రావలసి ఉన్నందున రోజుకూలీలు చికిత్సను మధ్యలో వదిలివేసే ప్రమాదం ఉంది. తాత్కాలిక పూరకంతోనే ఆపివేస్తే వ్యాధి తిరగబెడుతుంది. ఈ విషయాన్ని రోగులకు ముందుగానే వివరించవలసి ఉంటుంది. కదిరి ప్రాంత ప్రజలు పాత ఎక్స్‌రేలతో కడపలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి నిపుణులను సంప్రదించవచ్చును.